విత్తనపు కాయలు, చలికాలపు బేరాలు

అందరికీ నమస్కారం.

ఈ వానలో, ఆదివారం పొద్దున్నే, బేస్‌బాల్ గురించి వినడానికి వచ్చినందుకు ముందుగా ధన్యవాదాలు. పిల్లలు ముందు వరుసల్లో కూర్చున్నారు, చాలా సంతోషం. పెద్దవాళ్ళలో కొంతమందికి ఈ ఆట అంతగా పరిచయం లేదని తెలుసు. అక్కడక్కడ ఆగి వివరిస్తాను. తెలిసినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

ఈ 2026 జనవరిలో ఏం బేస్‌బాల్ అని నిన్న ఫోన్‌లో ఒక అక్కయ్య అడిగారు. నిజమే, ఇప్పుడు ఆటలు లేవు. కానీ నాకు ఏడాదిలో అన్నిటికంటే టెన్షన్‌గా ఉండేది ఈ నాలుగు నెలలే. ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని వదులుకోవాలి, ఎవరికి ఎన్నేళ్ళు, ఎంత డబ్బు ఇవ్వాలి, ఏ కుర్రాడిని ఇచ్చి ఎవరిని తెచ్చుకోవాలి. మార్చి చివర నుంచి మనం చూడబోయే 162 ఆటల్లో చాలా భాగం ఈ చలికాలంలోనే తేలిపోతుంది. ఇక్కడ అమెరికాలో మన ఊరి జట్టు సియాటిల్ మారినర్స్. ఆ జట్టు చలికాలాల గురించే ఈ రోజు నా మాట.

ముందు మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. మాది కదిరి దగ్గర పల్లె. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా, నా చిన్నప్పుడు అనంతపురం జిల్లా. వేరుశనగ తప్ప ఇంకో పంట తెలియని నేల. పంట ఇంటికొచ్చి ఆరబోశాక మా నాయన మంచి కాయలు ఏరి, నాలుగైదు గోనె సంచుల్లో పోసి, మూతులు కుట్టి, లోపలి గదిలో చెక్కల మీద పెట్టేవాడు. అవి విత్తనపు కాయలు. వాటి జోలికి ఎవరూ పోకూడదు. ఒక ఏడు నా ఫీజుకు డబ్బు చాలలేదు. సరిగ్గా అప్పుడే షావుకారి మనిషి వచ్చి ఆ సంచులకు మంచి ధర చెప్పాడు. మా అమ్మ మా నాయన మొహం వైపు చూసింది. మా నాయన తల అడ్డంగా ఊపి, చొక్కా వేసుకుని, ఊళ్ళోకి వెళ్ళి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడు. "అప్పు ఎప్పుడన్నా తీర్చుకోవచ్చు. జూన్‌లో వాన పడిన రోజు విత్తనం ఎవరిస్తారు?" అన్నాడు.

నాకు బేస్‌బాల్ అర్థమైంది ఆ మాటతోనే. డబ్బుతో దొరికేదాన్ని విత్తనంతో కొనకూడదు. మారినర్స్ మీద నాకున్న కోపమంతా, ప్రేమంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ఇక్కడ విత్తనం అంటే ప్రాస్పెక్టులు. జట్టు తీసుకుని పెంచుతున్న కుర్రాళ్ళు. ఐపీఎల్ చూసేవాళ్ళకు ఇది కాస్త కొత్తగా ఉంటుంది. ఐపీఎల్‌లో రిటెన్షన్ జాబితా ఇచ్చి, మిగతా వాళ్ళను వేలంలో కొనుక్కుంటారు. 2025 సీజన్‌కు ముందు సన్‌రైజర్స్ మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిని 6 కోట్లకు ఉంచుకుని, భువనేశ్వర్‌ను వదిలేసింది. భువనేశ్వర్ బెంగళూరుకు వెళ్ళి అదే ఏడాది కప్పు ఎత్తాడు. ఆ బాధ మీలో చాలామందికి తెలుసు. బేస్‌బాల్‌లో ఆ బాధ ఏటా ఉంటుంది, పైగా అది ఇంకా లోతైనది. ఎందుకంటే ఇక్కడ ఒక కుర్రాడిని పద్ధెనిమిదేళ్ళప్పుడు, డొమినికన్ రిపబ్లిక్, వెనెజువెలా లాంటి దేశాల నుంచైతే పదహారేళ్ళకే, తీసుకుని నాలుగు మెట్ల మీదుగా పైకి తెస్తారు. మన జట్టుకు నిన్నమొన్నటి దాకా కాలిఫోర్నియాలో మోడెస్టో మొదటి మెట్టు. తర్వాత మన పక్కనే ఎవరెట్, ఆ తర్వాత ఆర్కెన్సా, చివరికి టకోమా. టకోమా దాటితేనే పెద్ద జట్టు. చాలామంది దాటరు.

దాటినవాడు జట్టుకు వరం. పెద్ద లీగ్‌లో ఆరేళ్ళ సర్వీసు నిండేదాకా అతను వేరే జట్టుకు సొంతంగా వెళ్ళలేడు. మొదటి మూడేళ్ళు కనీస జీతానికి దగ్గరలో ఆడతాడు. 2025లో ఆ కనీస జీతం 7,60,000 డాలర్లు. మనకు అది పెద్ద డబ్బే గానీ, అదే పని చేసే పేరున్న ఆటగాడికి బజారులో ఏడాదికి 15, 20 మిలియన్లు పోయాలి. అందుకే ప్రతి జట్టూ విత్తనం కావాలంటుంది. అందుకే జూలైలో గాని, డిసెంబరులో గాని బేరానికి కూర్చున్నప్పుడు అవతలి జట్టు మొదట అడిగేది మన కుర్రాళ్ళనే.

ఇప్పుడు యుజేనియో సువారెజ్ కథ చెబుతాను. నేను చెప్పదలుచుకున్నదంతా ఈయన కథలోనే ఉంది.

2023లో సువారెజ్ మన థర్డ్ బేస్‌మన్. పరుగు కోసం బ్యాటర్ చుట్టి రావాల్సిన మజిలీలే బేసులు, వాటిలో మూడోదాని దగ్గర కాపలా కాసేవాడన్నమాట. వెనెజువెలా మనిషి. ఆ ఏడాది 162కు 162 ఆటలూ ఆడాడు. 22 హోమ్ రన్లు, అంటే బంతిని గోడ అవతలికి పంపే దెబ్బలు, కొట్టాడు. 214 సార్లు స్ట్రైక్ ఔట్ కూడా అయ్యాడు, అంటే మూడు అవకాశాలూ పోగొట్టుకుని వెనుదిరిగాడు. అమెరికన్ లీగ్‌లో, అంటే మన జట్టు ఉన్న సగంలో, అందరికంటే ఎక్కువ. ఆ స్ట్రైక్ ఔట్లు చూసి విసుక్కున్న వాళ్ళలో నేనూ ఉన్నాను. జట్టు 88 ఆటలు గెలిచి, ఒకే ఒక్క ఆట తేడాతో ప్లేఆఫ్స్‌కు, అంటే అక్టోబరులో జరిగే నాకౌట్ సిరీస్‌లకు, దూరమైంది. ఆశలు పోయిన రాత్రి మన క్యాచర్, అంటే వికెట్ కీపర్ లాంటి ఆటగాడు, కాల్ రాలీ విలేకరుల ముందే అడిగాడు, గెలవాలంటే మిగతా జట్లలాగా మనమూ ఖర్చు పెట్టి ఆటగాళ్ళను తెచ్చుకోవాలి కదా అని. కొన్ని రోజుల తర్వాత జట్టు బేస్‌బాల్ వ్యవహారాల అధిపతి జెర్రీ డిపోటో, పదేళ్ళ పాటు 54 శాతం ఆటలు గెలిచే జట్టు వరల్డ్ సిరీస్ అనే ఆఖరి ఫైనల్‌కు చేరుతుందన్న అర్థం వచ్చేలా మాట్లాడారు. లెక్క వేసి చూడండి. 162లో 88 అంటే దాదాపు 54 శాతమే. ఆ 54 శాతంతోనే మనం అక్టోబరంతా ఇంట్లో కూర్చుని టీవీలో వేరే జట్ల ఆటలు చూశాం.

ఆ నవంబరులో, థాంక్స్‌గివింగ్ ముందు రోజు, మా ఇంటికి చుట్టాలు వస్తున్నారని నేను చింతపండు పులుసు ఉడికిస్తున్నాను. ఫోన్ మోగింది. సువారెజ్‌ను అరిజోనాకు ఇచ్చేశారు. బదులుగా సెబీ జవాలా అనే రెండో వరస క్యాచర్, కార్లోస్ వర్గస్ అనే రిలీవర్, అంటే ఆట మధ్యలో దిగి బంతులు వేసే పిచర్, వచ్చారు. సువారెజ్‌కు మరుసటి ఏడు ఇవ్వాల్సిన సుమారు 11 మిలియన్ల జీతం మిగిలింది. ఆ బేరంలో అసలు సంగతి ఆ మిగులే. పులుసు అడుగంటింది, నేను చూడలేదు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. వర్గస్ ఉత్తచేతి బేరం కాలేదు. 2025లో మన బుల్‌పెన్‌లో, అంటే రిలీవర్ల బృందంలో, నిలబడి చాలా ఆటలు వేశాడు. కానీ 2024లో ఏమైంది? థర్డ్ బేస్‌లో సువారెజ్ చోటు సరిగ్గా నిండలేదు. అరిజోనాలో ఆయన 30 హోమ్ రన్లు కొట్టి, 101 పరుగులు ఇంటికి తెచ్చాడు. మనం 85 గెలిచాం. డెట్రాయిట్, కాన్సస్ సిటీ 86 చొప్పున గెలిచి ముందుకెళ్ళాయి. మళ్ళీ ఒక్క ఆట. వరుసగా రెండేళ్ళు ఒక్కొక్క ఆట.

సువారెజ్ ఉంటే ఆ ఒక్క ఆట గెలిచేవాళ్ళమా అంటే ఎవరూ ప్రమాణం చేసి చెప్పలేరు. 162 ఆటల్లో ఒక్క ఆటను తిప్పగలిగే మనిషిని డబ్బు కోసం పంపేశామన్నది మాత్రం నిజం.

ఇప్పుడు 2025 జూలైకి రండి. జట్టు బాగా ఆడుతోంది. కాల్ రాలీ ఎవరూ చూడని ఏడాది ఆడుతున్నాడు. చివరికి 60 హోమ్ రన్లు కొట్టాడు. క్యాచర్లలో అంతకుముందు ఎక్కువ సాల్వడార్ పెరెజ్ 48. రెండు వైపులా బ్యాటింగ్ చేసేవాళ్ళలో మికీ మాంటిల్ 54. మన జట్టు చరిత్రలో కెన్ గ్రిఫీ జూనియర్ 56. మూడూ దాటేశాడు. ఇలాంటి ఏడాది మళ్ళీ రాదని అందరికీ తెలుసు. కానీ థర్డ్ బేస్‌లో బలం చాలదు. నెలాఖరున, బేరాల గడువు ముంచుకొస్తుండగా, జట్టు ఎవరిని తెచ్చింది? సువారెజ్‌నే. ఎవరి దగ్గర నుంచి? అరిజోనా నుంచే. ఏం ఇచ్చి? టైలర్ లాక్‌లియర్, హంటర్ క్రాంటన్, హువాన్ బుర్గోస్ అనే ముగ్గురు కుర్రాళ్ళను ఇచ్చి.

మన అటక మీద ఉన్న వస్తువును చవగ్గా అమ్మి, రెండేళ్ళు తిరక్కుండానే అదే వస్తువును విత్తనపు సంచులిచ్చి తెచ్చుకున్నాం. ఆ ముగ్గురిలో ఎవరైనా గొప్పవాళ్ళవుతారా అన్నది వేరే సంగతి. మొదటే డబ్బు కట్టి ఉంచుకోవలసిన మనిషికి విత్తనంతో ధర కట్టాం.

అయినా ఆయన్ను తేవడం తప్పని నేను అనను. ఎందుకు అననో మీకు కళ్ళకు కట్టినట్టు చెబుతాను.

అక్టోబరు 17, శుక్రవారం. అమెరికన్ లీగ్ ఫైనల్ సిరీస్, టొరంటోతో ఐదో ఆట, మన స్టేడియంలో. సిరీస్ చెరి రెండు. ఆఫీసుకు సగం రోజు సెలవు పెట్టి, మా అమ్మాయిని బడి నుంచి తొందరగా తెచ్చుకుని, పై అంతస్తులో కూర్చున్నాం. అమ్మాయి ఒళ్ళో వేయించిన శనక్కాయల పొట్లం. ఎనిమిదో ఇన్నింగ్స్ మొదలయ్యేసరికి 2-1తో వెనకబడి ఉన్నాం. ముందు రాలీ హోమ్ రన్ కొట్టి సమం చేశాడు. తర్వాత మన పొలాంకోకు, నేలర్‌కు వాక్‌లు, అంటే నాలుగు చెడ్డ బంతులు పడితే ఉత్తినే మొదటి బేస్‌కు పోవడం. బంతి తగిలి అరోజరేనా బేస్‌కు వెళ్ళాడు. మూడు బేసులూ నిండాయి. సువారెజ్ వచ్చాడు.

జూలైలో వచ్చినప్పటి నుంచి మన జట్టుకు ఆయన సగటు .189. వంద సార్లలో పంతొమ్మిది సార్లు కూడా కొట్టలేదన్నమాట. చుట్టూ అందరూ లేచి నిలబడ్డారు గానీ, సగం మంది మొహాల్లో భయమే ఉంది. పక్క సీటులో ఒక పెద్దాయన, జట్టు పాత స్టేడియం కింగ్‌డోమ్ రోజుల టోపీ పెట్టుకుని, రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకున్నాడు. బంతి కుడి వైపు లేచింది. మామూలుగా ఆయన ఎడమ వైపు లాగి కొడతాడు, కుడి వైపు లేచేసరికి పట్టేస్తారేమో అనుకున్నాను. బంతి దిగలేదు. గోడ దాటి పోయింది. గ్రాండ్ స్లామ్, నాలుగు పరుగులు. ఆ పెద్దాయన నా భుజం పట్టుకుని ఊపేస్తున్నాడు, ఆయన ఏమంటున్నాడో నాకు వినపడలేదు. అమ్మాయి ఒళ్ళోని శనక్కాయలన్నీ మెట్ల మీద చెల్లాచెదురయ్యాయి. వాటిని తొక్కుకుంటూ అందరూ గెంతుతున్నారు. ఆ కరకర చప్పుడు కాళ్ళ కింద తెలుస్తూనే ఉంది. 6-2తో గెలిచాం. వరల్డ్ సిరీస్‌కు ఒక్క ఆట దూరం.

మీకు తెలుసు, ఆ ఒక్క ఆట రాలేదు. టొరంటోలో ఆరో ఆట పోయింది. అక్టోబరు 20న ఏడో ఆటలో 3-1తో ముందున్నాం. ఏడో ఇన్నింగ్స్‌లో జార్జ్ స్ప్రింగర్ మూడు పరుగుల హోమ్ రన్ కొట్టాడు, 4-3. ఆ దెబ్బ పడేటప్పటికి గెలవడానికి మనకు ఇంకా ఎనిమిది ఔట్లే కావాలి. 1977లో పుట్టిన ఈ జట్టు ఇప్పటికీ వరల్డ్ సిరీస్ ఆడలేదు. 30 జట్లలో అలాంటిది మనదొక్కటే. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ భోజనం చేయలేదు.

అందుకే ఈ చలికాలం మామూలుది కాదు. దాని దగ్గరికే వస్తున్నాను. కానీ విత్తనం గురించి ఇంకో సగం చెప్పకపోతే మా నాయనకు అన్యాయం చేసినవాణ్ణవుతాను.

వేరుశనగ విత్తనం రెండో ఏడాదికి మొలవదు. కాయతో పాటు దాచినా సరే, ఎనిమిది తొమ్మిది నెలలు దాటితే మొలక శాతం పడిపోతుంది. అమ్మకూడదు, నిజమే. దాచుకుంటూ కూర్చున్నా కుదరదు. పొలంలో వేయాలి, వేళకు వేయాలి. ప్రాస్పెక్టుల సంగతీ అంతే. జారెడ్ కెలెనిక్ మీలో కొందరికి గుర్తుండి ఉంటాడు. 2018 డిసెంబరులో రాబిన్సన్ కనోను, ఎడ్విన్ డియాజ్‌ను న్యూయార్క్ మెట్స్‌కు ఇచ్చి తెచ్చుకున్న కుర్రాళ్ళలో ముఖ్యుడు. హూలియో రోడ్రిగెజ్‌తో కలిపి అతని పేరు చెప్పేవాళ్ళం, ఇద్దరూ పదేళ్ళు మన అవుట్‌ఫీల్డ్ చూసుకుంటారని. హూలియో నిజంగానే చూసుకుంటున్నాడు. కెలెనిక్ 2021లో వచ్చిన కొత్తలోనే వరుసగా 39 సార్లు ఒక్క హిట్ లేకుండా వెనుదిరిగాడు. ఆ బరువు నుంచి పూర్తిగా తేరుకోలేదు. 2023 జూలైలో కోపంలో డగౌట్‌లోని నీళ్ళ కూలర్‌ను తన్ని పాదం విరగ్గొట్టుకున్నాడు. ఆ చలికాలంలోనే అట్లాంటాకు పంపేశారు.

ఆ కుర్రాడంటే నాకు ఇప్పటికీ జాలి. ఇరవై ఒకటేళ్ళ వయసులో ఒక ఊరి ఆశంతా నెత్తిన పెట్టుకుని ఆడటం ఎంత కష్టమో మనం ఆలోచించం. మన ఇళ్ళలో ర్యాంకుల పిల్లలను చూశాం కదా, అదే బరువు.

ఇటు చూస్తే బ్రయన్ వూను 2021 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లన్నీ వంతులవారీగా కుర్రాళ్ళను ఎంచుకునే చోట, ఆరో రౌండ్‌లో తీసుకున్నారు. ఆరో రౌండ్ వాడి పేరు ఎవరూ గుర్తుపెట్టుకోరు. అతనిప్పుడు మన పిచర్లలో ముందు వరుస. రాలీని కూడా మూడో రౌండ్‌లోనే తీసుకున్నారు. ఏ కాయ మొలుస్తుందో పైకి చూసి చెప్పడం కష్టం. అందుకే ఎక్కువ కాయలు దాచాలి, వేళకు వేయాలి.

మన జట్టు విత్తనం అమ్ముకుని ఏడ్చిన చలికాలాలు కూడా ఉన్నాయి. 2008 ఫిబ్రవరిలో ఆడమ్ జోన్స్‌ను, క్రిస్ టిల్‌మన్‌ను, ఇంకొందరిని బాల్టిమోర్‌కు ఇచ్చి ఎరిక్ బెడార్డ్ అనే పిచర్‌ను తెచ్చారు. ఒక్క మంచి పిచర్ ఉంటే చాలు గెలిచేస్తామనుకున్నారు. ఆ ఏడాది జట్టు 101 ఆటలు ఓడిపోయింది. జోన్స్ బాల్టిమోర్‌లో ఐదుసార్లు ఆల్ స్టార్ అయ్యాడు. ఆ రోజుల్లో పిచర్ ఫెలిక్స్ హెర్నాండెజ్ ఒక్కడే మనకు దీపం. 2005 నుంచి 2019 దాకా ఈ ఒక్క జట్టుకే ఆడాడు, ఒక్క ప్లేఆఫ్ ఆట కూడా ఆడకుండానే వెళ్ళిపోయాడు. ఆయన చివరి ఏళ్ళలో నేను కొత్తగా ఈ ఊరు వచ్చాను. ఆయన కోసం నిండే ఆ పసుపు చొక్కాల గ్యాలరీ చూసే ఈ ఆటకు అభిమానినయ్యాను.

సరే, ఈ చలికాలం.

మొదటి నిర్ణయం జాష్ నేలర్. జూలైలో ఇద్దరు కుర్ర పిచర్లను ఇచ్చి తెచ్చుకున్న ఫస్ట్ బేస్‌మన్. సీజన్ అయ్యాక ఫ్రీ ఏజెంట్, ఎక్కడికైనా వెళ్ళిపోవచ్చు. నవంబరులోనే ఐదేళ్ళకు 92.5 మిలియన్లు ఇచ్చి ఉంచుకున్నారు. ఇది చదివిన రోజు నేను చప్పట్లు కొట్టాను. విత్తనం ఇచ్చి తెచ్చుకున్నవాణ్ణి కొద్ది నెలలకే పోగొట్టుకుని ఉంటే ఆ విత్తనం గాల్లో కలిసిపోయేది. డబ్బు పెట్టి ఆ బేరాన్ని నిజమైన బేరం చేశారు. ఐదేళ్ళు ఎక్కువ అన్నవాళ్ళున్నారు. చివరి రెండేళ్ళు బరువు కావచ్చు, నేనూ ఒప్పుకుంటాను. ఆ బరువు డబ్బు బరువే కదా, మోయొచ్చు.

రెండోది హోర్హే పొలాంకో. ఇది నాకు మింగుడుపడలేదు. 2024లో మోకాలి నొప్పితో .213 కొట్టిన మనిషి. జట్టు ఆప్షన్, అంటే ఇంకో ఏడాది ఉంచుకునే హక్కు, వదిలేసి, తర్వాత 7.75 మిలియన్లకు ఒక ఏడాదికి మళ్ళీ తీసుకుంది. అప్పుడు చాలామంది ఎందుకన్నారు. 2025లో 26 హోమ్ రన్లు కొట్టాడు. ప్లేఆఫ్స్‌లో డెట్రాయిట్‌తో ఐదో ఆట గుర్తుందా? పదిహేను ఇన్నింగ్స్, దాదాపు ఐదు గంటలు. చివరికి బేసులు నిండి ఉండగా ఆయన కొట్టిన సింగిల్‌తోనే 3-2తో గెలిచాం. చలికాలపు నిర్ణయాల్లో నేను చూసిన గొప్పవాటిలో ఆ 7.75 మిలియన్లు ఒకటి. అదే మనిషిని ఈ డిసెంబరులో మెట్స్ రెండేళ్ళకు 40 మిలియన్లు ఇచ్చి పట్టుకుపోయింది. రెండేళ్ళే! వయసు ముప్పై రెండు దాటింది, మోకాళ్ళు పాతవి, అన్నీ తెలుసు. కానీ ఎనిమిది ఔట్ల దూరంలో ఆగిపోయిన జట్టు, లైనప్ మధ్యలో ఆడే మనిషిని డబ్బు దగ్గర వదులుకుంది. ఇప్పుడు ఆ చోటు నింపడానికి ఎవరినైనా తేవాలంటే అవతలి వాళ్ళు మళ్ళీ మన సంచుల వైపే వేలు చూపిస్తారు. సువారెజ్ కథ ఇంకోసారి చూడాల్సి వస్తుందేమోనని నా భయం.

మూడోది హ్యారీ ఫోర్డ్. దీని గురించి కాస్త నెమ్మదిగా చెబుతాను.

ఫోర్డ్ జార్జియా కుర్రాడు. 2021లో మొదటి రౌండ్‌లో పన్నెండో ఎంపిక. క్యాచర్. క్రికెట్ వాళ్ళ కోసం చెబుతున్నా, వికెట్ కీపర్ లాంటి స్థానం, అయితే ప్రతి బంతికీ పిచర్‌కు ఏం వేయాలో సైగ చేసేదీ, రోజంతా గొంతుక్కూర్చుని ఉండేదీ ఇతనే. ఆ కూర్చోవడం వల్ల క్యాచర్లు సాధారణంగా నెమ్మదిగా పరిగెత్తుతారు. ఫోర్డ్ మాత్రం లేడిపిల్లలా ఉరికేవాడు. 2023 వేసవిలో అతను ఎవరెట్‌లో ఆడుతుంటే మా అమ్మాయిని ఎన్నిసార్లు తీసుకెళ్ళానో లెక్కలేదు. దానికి అప్పుడు ఎనిమిదేళ్ళు. చిన్న స్టేడియం, కంచె పక్కనే కూర్చోవచ్చు. వాక్ రాగానే ఫోర్డ్ బ్యాట్ పక్కన పెట్టి ఫస్ట్ బేస్‌కు వెళ్ళడం, వెంటనే మా అమ్మాయి కుర్చీ అంచుకు జరిగి "నాన్నా, ఇప్పుడు దొంగిలిస్తాడు చూడు" అనడం. చాలాసార్లు నిజంగానే తర్వాతి బేస్ దొంగిలించేవాడు, అంటే పిచర్ బంతి వేస్తుండగానే ఉరికి చేరుకునేవాడు. అప్పట్నుంచి మా ఇంట్లో అతను మా కుర్రాడే.

కానీ పైన రాలీ ఉన్నాడు. నిరుడు మార్చిలో రాలీకి ఆరేళ్ళకు 105 మిలియన్ల ఒప్పందం రాసిచ్చారు, తర్వాత ఆయన 60 కొట్టాడు. ఆయన్ను పక్కన పెట్టి ఫోర్డ్‌ను ఆడించే మాటే లేదు. ఫోర్డ్‌కు సెప్టెంబరులో పెద్ద జట్టులో కొన్ని ఆటలు దొరికాయి. డిసెంబరులో వాషింగ్టన్ నేషనల్స్‌కు ఇచ్చేశారు. బదులుగా హోసే ఫెరర్, ఎడమ చేతి రిలీవర్, గట్టిగా వేస్తాడు, ఇంకా కొన్నేళ్ళు మన దగ్గరే ఉంటాడు.

నా సూత్రం ప్రకారం చూస్తే ఇది తప్పు. రిలీవర్లు బజారులో డబ్బుకు దొరుకుతారు. మొదటి రౌండ్ క్యాచర్ దొరకడు. వార్త చదవగానే నేను అదే అన్నాను, గట్టిగానే అన్నాను. ఏడో ఆటలో స్ప్రింగర్ కొట్టిన ఆ బంతి మన రిలీవర్ బజార్డో వేసింది. ఆ గాయంతోనే బుల్‌పెన్ బలపరచుకోవాలని తొందరపడ్డారనిపించింది.

తర్వాత ఒక రాత్రి ఆలోచిస్తే మా ఊరే గుర్తొచ్చింది. మా పెదనాయన ఒక ఏడు బోరు ఎండిపోయి చేను బీడు పెట్టాడు. ఆయన విత్తనపు కాయలు ఇంట్లోనే ఉన్నాయి. వేయడానికి చేను లేదు. ఇంకో ఏడు ఆగితే మొలవవు. అప్పుడు మా నాయనే వెళ్ళి, "అన్నా, ఇవి చేనున్నవాళ్ళకు ఇచ్చెయ్" అన్నాడు. విత్తనం అమ్మొద్దన్న మా నాయనే అన్నాడు ఆ మాట. ఫోర్డ్‌కు ఇక్కడ చేను లేదు. ఇంకో రెండేళ్ళు టకోమాలో కూర్చోబెడితే కెలెనిక్‌లాగా విసిగి, విలువ పడిపోయి, మనకూ కాకుండా తనకూ కాకుండా పోయేవాడు. అందుకని ఈ బేరాన్ని నేను పూర్తిగా తిట్టలేకపోతున్నాను. ఫోర్డ్‌కు ఇంకాస్త ఎక్కువ రాబట్టాల్సిందని మాత్రం ఇప్పటికీ అనుకుంటున్నాను.

ఇక సంచుల్లో ఏముందంటే, ముగ్గురి పేర్లు చెబుతాను, పిల్లలు రాసుకోండి. కోల్ట్ ఎమర్సన్, షార్ట్‌స్టాప్, అంటే రెండు, మూడు బేసుల మధ్య నిలబడే ఫీల్డర్, ఒహాయో కుర్రాడు. 2023లో 22వ ఎంపిక, ఇంకా ఇరవై ఏళ్ళే. నిరుడు ఒక్క ఏడాదిలో ఎవరెట్, ఆర్కెన్సా, టకోమా మూడు మెట్లూ ఎక్కాడు. మన షార్ట్‌స్టాప్ జె.పి. క్రాఫర్డ్ ఒప్పందం ఈ 2026తో అయిపోతుంది, అంటే చేను సిద్ధమవుతోంది. కేడ్ ఆండర్సన్, ఎడమ చేతి పిచర్. ఎంపికల వరసను తేల్చే లాటరీలో అదృష్టం కలిసొచ్చి మనకు మూడో ఎంపిక దొరికితే 2025లో తీసుకున్నాం. ఆ జూన్‌లోనే కాలేజీ వరల్డ్ సిరీస్ ఫైనల్ మొదటి ఆటలో లూసియానా స్టేట్ తరఫున తొమ్మిది ఇన్నింగ్స్ ఒక్కడే వేసి 1-0తో గెలిపించాడు. మూడోవాడు రయన్ స్లోన్, 2024లో హైస్కూల్ నుంచి తీసుకున్న పిచర్.

ఈ ముగ్గురినీ ఎవరికీ ఇవ్వకూడదు. అవతల ఎంత పెద్ద పేరున్న ఆటగాడు ఉన్నా ఇవ్వకూడదు. మిగతావాళ్ళ గురించి బేరాలు ఆడుకోండి, నేను నోరెత్తను. ఎమర్సన్‌ను మార్చిలోనే థర్డ్ బేస్‌లో దించాలా అన్నది ఇంకో ప్రశ్న. నన్నడిగితే ఏప్రిల్, మే టకోమాలో ఆడనిచ్చి, అక్కడ కొడుతున్నాడంటే ఆలస్యం చేయకుండా తేవాలి. మొదటి రోజే నలభై వేల మంది ముందు, ఎనిమిది ఔట్ల బాకీ ఉన్న జట్టులో, ఆ బరువు ఆ పిల్లాడి నెత్తిన పెట్టొద్దు. ఈలోగా ఆ చోటుకు ఒక సంవత్సరం ఒప్పందం మీద, డబ్బుతో, ఎవరినైనా తెచ్చుకోవాలి. డబ్బుతో అన్న మాట మళ్ళీ చెబుతున్నాను.

ఫిబ్రవరి మధ్యలో అరిజోనాలోని పియోరియాలో పిచర్లు, క్యాచర్లు సాధనకు చేరతారు. అప్పటిదాకా ఫోన్ మోగినప్పుడల్లా నాకు గుండె గుబేలుమంటూనే ఉంటుంది.

ఫోర్డ్ వెళ్ళిపోయిన రోజు రాత్రి మా అమ్మాయి అతని కార్డు తీసి బల్ల మీద పెట్టుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. "నాన్నా, వాషింగ్టన్‌లో రోజూ ఆడతాడా?" అని అడిగింది. అవకాశం బాగా ఉందమ్మా అన్నాను. కార్డు మళ్ళీ ఆల్బమ్‌లో పెట్టేసింది, మారినర్స్ పేజీలోనే.

ఏప్రిల్‌లో ఎవరెట్‌లో ఆటలు మొదలవుతాయి. ఇక్కణ్ణుంచి అరగంట, కొంచెం ట్రాఫిక్ ఉంటే ముప్పావుగంట. మొదటి శనివారం మేము వెళ్తున్నాం. మా కారులో ఇంకా ముగ్గురికి చోటుంది. పిల్లల్ని పంపాలనుకునేవాళ్ళు వెళ్ళేముందు నాకు పేరు చెప్పండి. చలిగా ఉంటుంది, దుప్పటి తెచ్చుకోండి. శనక్కాయలు నేను తెస్తాను.